తవ్విన మట్టి, డెబ్రిస్, పూడిక, కంపోస్టు: వీటితోనే పార్కు వేయొచ్చా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. బెంగళూరు సర్జాపుర రోడ్డు వైపు మీ లేఔట్‌లో అర ఎకరం పార్కు వేయాలి. క్లబ్‌హౌస్ బేస్‌మెంట్‌కు తవ్విన ఎర్రమట్టి గుట్టలుగా పడి ఉంది. పాత గెస్ట్‌హౌస్ పడగొట్టిన డెబ్రిస్ ఉంది. సొసైటీలో తడిచెత్తతో చేసుకున్న కంపోస్టు ఉంది. చెరువు పూడిక మట్టి చౌకగా తోలిస్తామని ఇంకొకాయన వచ్చాడు. ల్యాండ్‌స్కేప్ కాంట్రాక్టరేమో ఇదంతా ఎత్తిపోయించి కొత్త ఎర్రమట్టి తెప్పించాల్సిందే అంటున్నాడు. ఉన్నదానితో పని అవుతుందా, మొక్కలు బతుకుతాయా అన్నది మీ టెన్షన్.

అవుతుందండీ. బెంగళూరు చుట్టుపక్కల చాలా ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాను కాబట్టి ధైర్యంగా చెప్తున్నాను. అయితే మీ దగ్గరున్న నాలుగింటినీ ఒకే గాటన కట్టి 'రీసైకిల్ మట్టి' అనుకోవద్దు. ప్రతి గుట్ట ఎక్కణ్నుంచి వచ్చిందో తెలుసుకుని, దాని గుణం చూసి, దానికి తగిన చోట వాడాలి. ఆ తర్వాతే ఏ మొక్కలు పెట్టాలో తేల్చుకోవాలి. మన దగ్గర సాధారణంగా దీనికి తలకిందులుగా జరుగుతుంది. ముందు కంప్యూటర్‌లో అందమైన డ్రాయింగు వేస్తారు, మొక్కల లిస్టు ఖాయం చేస్తారు, చివర్లో దొరికిన మట్టి పోస్తారు. ఆ వరసలో పోతే మంచి మట్టిలోనైనా మొక్క చస్తుంది.

ముందు ఆ 'కొత్త ఎర్రమట్టి' సంగతి. అర ఎకరం అంటే సుమారు 2,000 చదరపు మీటర్లు. అడుగు మందాన పరిస్తే 600 ఘన మీటర్ల మట్టి కావాలి. అది ఎక్కడో ఒకచోట తవ్వితేనే వస్తుంది. హోసకోటె వైపో మాలూరు వైపో ఎవరి చేనో, ఏ గుట్ట వాలో తెగితే మీ పార్కు నిండుతుంది. పోనీ వచ్చేదైనా పైమట్టా అంటే, ఎక్కువ లోడ్లు లోపలి పొరల మట్టే. చూడ్డానికి ఎర్రగా, శుభ్రంగా ఉంటుంది, జీవం ఉండదు. మీ బేస్‌మెంట్‌లోంచి తీసిన మట్టీ అదే జాతి. డబ్బు పోసి కొనుక్కునేది మీ గుట్టలో ఉన్నదానికంటే మెరుగ్గా ఉంటుందన్న హామీ ఏమీ లేదు. అందుకే ఆ డబ్బులో కొంత పరీక్షలకూ, ఇంకొంత నేల గుల్లచేయడానికీ పెట్టమని నా సలహా.

ఇప్పుడు మీ ఎర్రమట్టి గుట్ట చూద్దాం. బెంగళూరు నేలలో పైన అడుగు మేర కాస్త ముదురు రంగు పైమట్టి, దాని కింద బంకతో కూడిన ఎర్రమట్టి, ఇంకా కిందికి పోతే గరుసు, దాని కింద పసుపూ తెలుపూ కలిసిన పుచ్చిపోయిన రాయి, ఆ తర్వాత గట్టి బండ. రెండంతస్తుల బేస్‌మెంట్ తవ్వితే ఇవన్నీ జేసీబీ బకెట్‌లో కలిసిపోతాయి. 2016 నాటి కన్‌స్ట్రక్షన్, డెమొలిషన్ వ్యర్థాల నియమాల్లోనే రోజుకు 20 టన్నులు, లేదా ఒక ప్రాజెక్టులో నెలకు 300 టన్నులు దాటి వ్యర్థాలు వచ్చేచోట కాంక్రీటు, మట్టి, ఇనుము-చెక్క-ప్లాస్టిక్, ఇటుక-మోర్టారు అని నాలుగుగా వేరు చేయాలని రాశారు. కానీ మట్టిలో మళ్లీ పైమట్టిని విడిగా తీసిపెట్టేవాళ్లు అరుదు. మీ క్లబ్‌హౌస్‌కు తవ్వాల్సింది ఇంకా మిగిలి ఉంటే ఇవాళే ఇంజనీరుకు ఫోన్ చేసి, పై అడుగు మట్టి విడిగా పోయించండి. ఆ గుట్ట రెండు మీటర్ల ఎత్తు మించకూడదు, దాని మీద బండ్లు ఎక్కకూడదు. ఎత్తుగా పోసి నెలలు వదిలేస్తే లోపల గాలి ఆడక మట్టి బూడిద రంగుకు తిరిగి మురుగు వాసన కొడుతుంది.

గుట్టలో పారపెట్టి పక్కకు తోసి చూడండి. ముద్దగా విరిగే ఎర్రమట్టి, చేత్తో నలిపితే పొడయ్యేది పనికొస్తుంది. గరుసు ఎక్కువున్న భాగాన్ని మొక్కల గుంటలకు కాకుండా దారుల కిందికీ, మిట్టలు లేపడానికీ ఉంచండి. తెల్లగా సబ్బులా జారే ముద్దలు కనిపిస్తే మాత్రం ఆగి, సైట్ ఇంజనీరును ఒక మాట అడగండి: పునాదికి పైల్స్ (నేలలోకి లోతుగా దించే కాంక్రీటు స్తంభాలు) వేశారా, వేసేటప్పుడు బెంటోనైట్ వాడారా? పైలింగ్‌లో గుంట గోడలు కూలకుండా ఆ బంకమట్టి ద్రావణం పోస్తారు. అందులో సోడియం ఉంటుంది. అది కలిసిన మట్టి తడిస్తే జిగురులా ఉబ్బుతుంది, ఎండితే రాయవుతుంది, నీటిని కిందికి పోనివ్వదు. దాన్ని కంపోస్టుతో బాగుచేద్దామని మాత్రం చూడకండి, బయటికి పంపేయండి. నేను నిర్మొహమాటంగా వద్దనే రకాల్లో ఇదొకటి.

మిగతా ఎర్రమట్టికి రెండు లోపాలుంటాయి. సేంద్రియ పదార్థం దాదాపు ఉండదు. మన సాయిల్ ల్యాబుల లెక్కలో సేంద్రియ కర్బనం 0.5 శాతం కంటే తక్కువుంటే 'తక్కువ', 0.75 దాటితే 'ఎక్కువ'. లోపలి పొరల మట్టి ఆ 0.5కి చాలా కిందే ఉంటుంది. రెండోది, వాన చినుకులు పడి ఎండ కాసిందంటే పైన పెచ్చు కడుతుంది. పెచ్చు కట్టాక నీళ్లు పక్కకు పారిపోతాయి. మన ఎర్ర చెలకల్లో విత్తనం వేసినవాళ్లకు ఈ బాధ బాగా తెలుసు. మొదటిదానికి మందు కంపోస్టు, రెండోదానికి మందు నేల ఎప్పుడూ కప్పి ఉంచడం. ఎండుటాకులు, కొబ్బరి పీచు, కొమ్మల పొట్టు, ఏదైనా సరే రెండు మూడు అంగుళాల మందం ఉండాలి. కాంట్రాక్టర్లు దీన్ని డెకరేషన్ ఖర్చు కింద కొట్టేస్తారు. నేనైతే మొక్కల సంఖ్య తగ్గించి అయినా ఈ ఖర్చు ఉంచుతాను.

ఇక డెబ్రిస్. ఎక్కువ పార్కులు దెబ్బతినేది ఇక్కడే, అందుకే కాస్త వివరంగా చెప్తాను.

డెబ్రిస్ కలిపిన నేల సైట్లు చాలా చూశాను. మొక్కకు విషంలా పనిచేసేది ఎక్కువసార్లు సున్నం. ఆరని సిమెంటు నీటి పీహెచ్ (ఆమ్లమా క్షారమా చెప్పే కొలత, 7 అంటే మధ్యస్థం) 12 పైన ఉంటుంది. పాతబడ్డ కాంక్రీటు పైపొర గాలికి మెత్తబడినా, క్రషర్‌లో వేసి పొడి చేసినప్పుడు లోపలి తాజా ముఖం మళ్లీ బయటపడుతుంది. ముక్కలుగా ఉన్నప్పుడు చేసే చెడు కొంతే, నుసిగా మారాక అంతకు ఎన్నో రెట్లు. ఇంకో సంగతి, ఈ ఊళ్లో గోడలు ఎక్కువగా సాలిడ్ కాంక్రీట్ బ్లాకులతో కడతారు. బయటి దేశాల వ్యాసాలు చదివి 'ఇటుక పొడిలో మొక్కలు బ్రహ్మాండంగా వస్తాయట' అనుకుని ఇక్కడి డెబ్రిస్ వాడితే, మీరు వాడుతున్నది ఇటుక కాదు, ఎక్కువగా సిమెంటు కాంక్రీటే.

వైట్‌ఫీల్డ్ వైపు ఒక ఆఫీసు క్యాంపస్‌కు నన్ను పిలిచారు. దారి పొడవునా నూరు వరహాల చెట్లు కంచెలా పెట్టారు. కొత్త ఆకులన్నీ నిమ్మపండు పసుపు, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా గీతలు గీసినట్టున్నాయి. కింది ముదురాకులు బాగానే ఉన్నాయి. ఇది ఇనుము అందకపోతే కనిపించే లక్షణం. మాలి అన్నభేది (ఇనుము ఉండే ఫెర్రస్ సల్ఫేట్) కలిపి పోశాడట, పదిహేను రోజులు పచ్చబడి మళ్లీ మొదటికొచ్చింది. గడ్డపారతో ఒక మొక్క పక్కన తవ్వించాను. పైన అరడుగు మంచి ఎర్రమట్టి. దాని కింద బూడిద రంగు పొర, బ్లాకు ముక్కలూ నుసీ కలిపి రోలర్‌తో తొక్కినట్టు గట్టిగా ఉంది. వేళ్లు అక్కడిదాకా దిగి, ఆ పొరను తాకగానే పక్కకు తిరిగి చాపలా పరుచుకున్నాయి. ఆ నుసి గుప్పెడు తీసి వెనిగర్ పోస్తే బుసబుసమని నురగొచ్చింది. నేలలో ఇనుము లేక కాదు, ఎర్రమట్టికి ఆ రంగే ఇనుము వల్ల. సున్నం ఉన్నచోట అది కరగదు, వేరుకు అందదు. అన్నభేది పోసినా రోజుల్లోనే అదీ బిగుసుకుపోతుంది.

అక్కడ గంధకం వేసి సున్నాన్ని విరిచేద్దామన్నారు. ఒక లెక్క చూడండి. 100 చదరపు మీటర్ల నేల, 15 సెంటీమీటర్ల లోతు, అంటే సుమారు 21 టన్నుల మట్టి. అందులో సున్నపురాయి ఒక్క శాతం ఉన్నా 210 కిలోలు. దాన్ని విరచడానికి 67 కిలోల గంధకం కావాలి. డెబ్రిస్ నుసి కలిసిన నేలలో ఒక్క శాతంతో ఆగదు. కాబట్టి సున్నం కలిసిన నేలను మార్చడానికి డబ్బు పోయకండి. మొక్కను మార్చండి. తప్పనిసరిగా ఒకటో రెండో ఇష్టమైన మొక్కలు నిలబెట్టాలంటే ఈడీడీహెచ్ఏ రకం ఇనుము చెలేటు (ఇనుమును బిగుసుకుపోకుండా పట్టి ఉంచే మందు) పనిచేస్తుంది, ఈడీటీఏ రకం అంత సున్నంలో నిలవదు. ఖరీదు మాత్రం ఎక్కువ. జిప్సం వేయమని కూడా ఎవరో ఒకరు చెప్తారు. అది సోడియం పట్టిన చౌడుకు మందు, సిమెంటు సున్నానికి దాంతో పని లేదు.

ఆ క్యాంపస్‌లో చివరికి చేసిందేమిటంటే, బూడిద పొరను గడ్డపారలతో పగలగొట్టించి, నుసి ఎక్కువున్న చోట్ల తీసేయించి, నూరు వరహాల స్థానంలో గన్నేరు, తంగేడు, కాగితంపూలు పెట్టించాం. అవి హాయిగా పెరిగాయి. గన్నేరు అన్ని భాగాలూ విషమే, కాబట్టి పిల్లలు ఆడే చోట మీరు దాన్ని వదిలేసి తంగేడుకు వెళ్లండి.

మీ గెస్ట్‌హౌస్ డెబ్రిస్‌కు వద్దాం. పాత కట్టడం అన్నారు కాబట్టి కాల్చిన ఇటుక ఉండే అవకాశం ఉంది. ఇటుక గోడ ముక్కల్ని ఏరించి, మోర్టారు వీలైనంత రాలగొట్టించి, గోళీ సైజుకు కొట్టించండి. ఇటుక ముక్క తన బరువులో పదో వంతుకు పైగానే నీళ్లు పీల్చి, వేళ్లకు నెమ్మదిగా వదులుతుంది. బంక ఎక్కువున్న మీ ఎర్రమట్టిలో ఘనపరిమాణంలో ఐదో వంతు కలిపితే గాలి ఆడుతుంది, నీరు దిగుతుంది. మెత్తటి దుమ్ము జల్లెడ పట్టి తీసేయాలి, సున్నమంతా దానిలోనే ఉంటుంది. కాంక్రీటు ముక్కలు నడకదారి కింద బేస్‌కు, పార్కింగ్ కింద నింపడానికి బ్రహ్మాండంగా పనికొస్తాయి. మొక్కల గుంటలకు మాత్రం కనీసం రెండడుగుల దూరంలో ఉంచండి. డ్రెయిన్ పైపుల చుట్టూ కూడా పోయొద్దు. వాటిమీదుగా వచ్చే నీరు సున్నం మోసుకొచ్చి పైపు రంధ్రాల దగ్గర పొలుసులా పేరుస్తుంది.

తెల్లగా, తేలిగ్గా, స్పాంజిలా ఉండే ఏఏసీ బ్లాకు ముక్కలు చూసి మనసు పారేసుకోవద్దు. నీళ్లు బాగా పట్టుకుంటాయి, నిజమే, కానీ వాటి తయారీలోనే సున్నమూ సిమెంటూ ఉంటాయి.

రెండు విషయాల్లో రాజీ వద్దు. కప్పుకు వాడిన పాత సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. వాటి ముక్కలు డెబ్రిస్‌లో కనిపిస్తే ఆ గుట్టను క్రషర్‌కు పంపొద్దు, పొడి చేయొద్దు, తడిపి విడిగా ఏరించి, సరైన చోటికి పంపించాలి. రెండోది రంగులు. ఇళ్లకు వేసే పెయింట్లలో సీసం 90 పీపీఎం మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన రంగుల పెచ్చులు ఊడిన పాత తలుపులు, కిటికీలు, గ్రిల్స్ పరిసరాల డెబ్రిస్‌లో సీసం ఉండొచ్చు. పిల్లల ఆట స్థలంలో, కూరగాయల మడుల్లో ఆ ప్లాస్టరు పొడి పడకూడదు. ల్యాబుకు పంపేటప్పుడు సీసం కూడా చూడమనండి.

చెక్క ముక్కలు ఏరించడం మర్చిపోవద్దు. లోపల ఉండిపోయిన సెంట్రింగ్ చెక్కలకు చెదలు పట్టి, అక్కణ్నుంచి మీ కొత్త మొక్కల కాండాలకు వస్తాయి.

చెరువు పూడిక మట్టి అనగానే మన తెలుగువాళ్లకు ఒక నమ్మకం ఉంటుంది. ఎండాకాలం చెరువు ఎండగానే బండ్లు కట్టి చేలకు ఒండ్రు తోలుకోవడం మన పల్లెల్లో తరాల అలవాటు. తెలంగాణలో 2015లో మిషన్ కాకతీయ మొదలయ్యాక ట్రాక్టర్లతో అదే పని పెద్దఎత్తున జరిగింది. పల్లె చెరువు పూడిక నిజంగా మంచి సరుకు. దాంట్లో సన్నటి ఒండ్రు ఉంటుంది, కర్బనం ఉంటుంది, ఇసుక నేలకు నీరు పట్టే గుణం ఇస్తుంది. ఆ నమ్మకంతో బెంగళూరు చెరువు పూడికను కళ్లుమూసుకుని తెచ్చుకోవద్దని మీకు గట్టిగా చెప్పాలి. ఈ ఊరి చెరువుల్లోకి ఏళ్లుగా మురుగునీరు, కొన్నింటిలోకి ఫ్యాక్టరీల నీరూ చేరింది. బెళ్లందూరు చెరువు నురగలు టీవీల్లో మనందరం చూసినవే. ఆ నీటిలోని భార లోహాలు దిగేది అడుగున ఉన్న పూడికలోకే. మీకు అమ్మేవాణ్ని ఏ చెరువుదో అడగండి. సూటిగా చెప్పలేకపోతే ఆ లోడు మీకొద్దు. చెప్పినా సీసం, కాడ్మియం, క్రోమియం, నికెల్, జింకు పరీక్ష చేయించకుండా దించుకోవద్దు. పరీక్షలో బాగుందని తేలితే కొన్ని వారాలు పలచగా పరిచి ఎండనివ్వండి. నల్లటి రంగూ కుళ్లు వాసనా పోయి, బీటలిచ్చి, చేత్తో నలిగేలా అవ్వాలి. అప్పుడు ఎర్రమట్టిలో పదో వంతు, మహా అయితే ఏడో వంతు కలపండి. విడి పొరగా మాత్రం పరవొద్దు. గరుకు మట్టి మీద సన్నటి మట్టి పొర ఉంటే నీళ్లు ఆ సరిహద్దు దగ్గరే నిలిచిపోతాయి, పై పొర పూర్తిగా నానితే గానీ కిందికి దిగవు.

పాత డంపుయార్డులు తవ్వి జల్లెడ పట్టిన సన్నమట్టి కూడా ఎవరో ఒకరు మీ దగ్గరికి తెస్తారు. బయోమైనింగ్ మట్టి అంటారు. చెన్నైలో పెరుంగుడి, కొడుంగైయూర్ లాంటి పాత గుట్టల నుంచి ఇది కొండలకొద్దీ వస్తోంది, సెంట్రల్ పొల్యూషన్ కంట్రోల్ బోర్డు 2019లో దీనికి మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. నల్లగా, కంపోస్టులా కనిపిస్తుంది. గాజు ముక్కలు, ప్లాస్టిక్ పోగులు, ఉప్పు, లోహాలు ఉండే ప్రమాదం ఉంది. హైవే గట్లకు, లోతైన గోతులు పూడ్చడానికి వాడుకోవచ్చేమో గానీ, పిల్లలు వట్టి కాళ్లతో తిరిగే పార్కులో దీన్ని పైపొరగా ఒప్పుకోను.

మీ సొసైటీ కంపోస్టు మీకున్న గొప్ప ఆస్తి. దాంట్లో నేను చూసే లోపం ఉప్పు. వండిన అన్నం, కూరలు, పచ్చళ్లు అన్నీ అందులోకే పోతాయి కదా. ఫర్టిలైజర్ కంట్రోల్ ఆర్డరులో సిటీ కంపోస్టుకు ఈసీ (ఉప్పు ఎంతుందో చెప్పే కొలత) 4 మించకూడదు, కర్బనం-నత్రజని నిష్పత్తి 20 లోపు ఉండాలి, సీసం కిలోకు 100 మిల్లీగ్రాములు, కాడ్మియం 5 దాటకూడదు అని హద్దులున్నాయి. మీ కంపోస్టు రిపోర్టును వాటితో పోల్చుకోండి. మాగిందో లేదో ఇంట్లోనే చూడొచ్చు. తడిపి కవర్లో కట్టి మూడు రోజులుంచి విప్పండి. అమోనియా ఘాటో పులిసిన వాసనో వస్తే ఇంకా మాగలేదు. మట్టి వాసన వస్తే వాడొచ్చు. పై 20 సెంటీమీటర్ల మట్టిలో నాలుగో వంతు దాకా కలపండి. అంతకంటే లోతుకు కలపొద్దు. అడుగుకు మించిన లోతులో గాలి తక్కువ, కంపోస్టు అక్కడ కుళ్లి వేళ్లను ఊపిరాడకుండా చేస్తుంది, పైగా అది కరిగే కొద్దీ నేల కుంగుతుంది. చెట్టు గుంటను అడుగు నుంచీ ఎరువుతో నింపే అలవాటు మన మాలీలకు బాగా ఉంది. ప్రేమతోనే చేస్తారు, కానీ చెట్టుకు చెరుపే. కింది భాగానికి వట్టి మట్టి, గుల్లగా ఉంటే చాలు.

ఆ 'గుల్లగా' అన్న మాట దగ్గర ఇంకాసేపు ఆగుతాను. మొక్కలు చచ్చాయని నన్ను పిలిచిన సైట్లలో ఎక్కువ చోట్ల తప్పు పోషకాలది కాదు, తొక్కుడుది. ఏడాదిపాటు టిప్పర్లు, మిక్సర్లు తిరిగిన నేల మీద అడుగు మట్టి పోసి మొక్క పెడతారు. అడుగున రోడ్డు ఉన్నట్టే. ఈ రకం నేల సాంద్రత ఘన సెంటీమీటరుకు 1.6 గ్రాములు దాటితే వేళ్లు మందగిస్తాయి. కొలవడానికి ల్యాబు అక్కర్లేదు. వాన పడిన మర్నాడు మొనదేల్చిన ఇనుప చువ్వను చేత్తో నేలలోకి తొయ్యండి. ఒక మనిషి బలానికి అడుగున్నర దిగితే వేరూ దిగుతుంది. అరడుగులో ఆగిపోతే మట్టి పోయకముందే జేసీబీకి రిప్పర్ పళ్లు బిగించి అడుగున్నర, రెండడుగుల లోతు అడ్డంగా నిలువుగా చీల్చించండి. చీల్చాక దాని మీద మళ్లీ బండి ఎక్కకూడదు. లోపలి మూల నుంచి మట్టి పోసుకుంటూ గేటు వైపు వెనక్కి రావాలి. కాంట్రాక్టరు గేటు దగ్గర మొదలుపెట్టి లోపలికి పోతానంటే, పోసిన మట్టిని తనే తొక్కుతాడన్నమాట.

ఇదంతా పదునులో చేయాలి. మట్టి తీసుకుని అరచేతుల మధ్య పేనండి. సన్నటి తాడులా సాగితే తడి ఎక్కువుంది, ముట్టుకోవద్దు. పేనబోతే విరిగి పొడవుతుంటే పని మొదలుపెట్టొచ్చు. బురదలో జేసీబీ దింపి ఒక్క రోజులో పాడు చేసిన నేల బాగుపడడానికి ఏళ్లు పడుతుంది.

నీరు దిగుతుందో లేదో కూడా చూసుకోండి. అడుగు లోతు గుంట తీసి నీళ్లు నింపి పూర్తిగా ఇంకనివ్వండి, మళ్లీ నింపి కొలవండి. గంటకు అంగుళం దిగితే నిశ్చింత. మర్నాటికీ నీళ్లు నిలిచే ఉంటే అక్కడ చెట్టు పెట్టేముందు డ్రైనేజీ సంగతి తేల్చాలి.

ల్యాబు పరీక్షకు హెబ్బాళ దగ్గర జీకేవీకే వ్యవసాయ విశ్వవిద్యాలయం, హెసరఘట్టలో ఉద్యాన పరిశోధన సంస్థ ఐఐహెచ్ఆర్ ఉన్నాయి. ప్రతి గుట్టకూ వేరు వేరు శాంపిల్. గుట్ట పైనా, మధ్యలో, అడుగునా, నాలుగు పక్కలా తీసి కలిపి, అందులోంచి అర కిలో పంపండి. పీహెచ్, ఈసీ, సేంద్రియ కర్బనం, ఇసుక-బంక పాళ్లు, ఇవి కాక 'ఫ్రీ కాల్షియం కార్బొనేట్', అంటే మట్టిలో కలిసి ఉన్న సున్నం, చూడమని అడగండి. అది మామూలు రిపోర్టులో రాదు, మీకు అన్నిటికంటే అవసరమైంది అదే. మట్టిలో ఈసీ 1 లోపుంటే బాధ లేదు. పీహెచ్ 8.5 దాటిందంటే ఆ గుట్ట మొక్కల కిందికి రాకూడదు. బ్రిటన్‌లో పైమట్టి నాణ్యతకు బీఎస్ 3882 అనే ప్రమాణం ఉంది, దాంట్లోనూ పీహెచ్ పరిధి 5.5 నుంచి 8.5. ఆ ప్రమాణం మట్టి ఎక్కడ పుట్టిందని చూడదు, గుణం ఉందా లేదా అని చూస్తుంది. తయారుచేసిన మట్టి కూడా అందులో నెగ్గొచ్చు. మీ కాంట్రాక్టరుతో వాదనకు ఇది పనికొస్తుంది.

రిపోర్టు వచ్చేలోపు మెంతులూ ఆవాలూ తీసుకోండి. ఒక కుండీలో మీ గుట్ట మట్టి, ఒకదానిలో మీరు కలపబోయే మిశ్రమం, ఒకదానిలో బాగా పండుతున్న తోట మట్టి. మూడింటిలో ఒకే సంఖ్యలో గింజలు వేసి రెండు వారాలు చూడండి. ఎన్ని మొలిచాయో లెక్కపెట్టి, మొక్కల్ని నెమ్మదిగా లాగి వేళ్లు పక్కపక్కన పెట్టి చూడండి. ఆకు పచ్చగా ఉండి వేరు పొట్టిగా, గోధుమ రంగు కొసతో ఉంటే ఆ మిశ్రమంలో ఉప్పో ఇంకేదో బాధ పెడుతోందని అర్థం.

ఇప్పుడు మీ పార్కుకు నేనైతే ఏం చేస్తానో చెప్తాను. ఎండాకాలం అయ్యేలోపు నేల చీల్చడం, మట్టి పోయడం పూర్తి చేస్తాను. జూన్ వానలకు మొక్కలు పెట్టను. జీలుగ, జనుము, ఉలవలు చల్లుతాను. సున్నం, ఉప్పు కాస్త ఉన్నా జీలుగ తట్టుకుంటుంది, దాని వేరు గట్టి నేలను చీల్చుకుని పోతుంది. పూతకు వచ్చే ముందు, సుమారు 45 రోజులకు, కోసి పైపొరలో కలియదున్నిస్తాను. మట్టితోపాటు వచ్చిన వయ్యారిభామ, తుంగ ఈలోపు మొలిచి బయటపడతాయి. వయ్యారిభామను పూత రాకముందే, చేతులకు గ్లవ్స్ వేసుకుని, వేళ్లతో సహా పీకించాలి. తుంగ గడ్డల్ని తవ్వి ఏరించాలి. లాన్ వేశాక తుంగ పైకొస్తే ఇక దాన్ని వదిలించుకోలేరు. సెప్టెంబరు, అక్టోబరు బెంగళూరులో మంచి వానల కాలం, అసలు మొక్కలు అప్పుడు పెడతాను. కమిటీలో 'మూడు నెలలు ఖాళీగా ఉంచుతారా' అని గొడవ వస్తుంది. జనుము పచ్చగా ఏపుగా పెరిగాక పార్కు ఖాళీగా కనిపించదని వాళ్లకు నచ్చజెప్పండి.

చెట్లకు వేప, కానుగ, రేల. మధ్యస్థాయికి తంగేడు, దేవగన్నేరు, కాగితంపూలు. వాలుల మీద వట్టివేరు, నిమ్మగడ్డి. సంపంగి, నూరు వరహాలు, గార్డీనియా పెట్టాలని ఎవరైనా పట్టుబడితే, పైమట్టి విడిగా తీసిన గుట్టలోంచి, డెబ్రిస్ ఛాయ కూడా తగలని మూలలో వాటికి మడి కేటాయించండి. లాన్ వీలైనంత తగ్గించండి. మొక్కలు చిన్నవి కొనండి. ఇలాంటి నేలలో రెండడుగుల మొక్క ఆ మట్టికి అలవాటుపడి పెరుగుతుంది. పదిహేను అడుగుల చెట్టు నర్సరీ మట్టిగడ్డలోనే వేళ్లు చుట్టుకుని, బయటి నేలలోకి రావడానికి మొరాయిస్తుంది.

పార్కులో కొంత భాగం బేస్‌మెంట్ స్లాబు మీద వస్తుందని మీరు పెట్టిన ఫొటోలో అనిపించింది. అదే నిజమైతే అక్కడ ఎర్రమట్టి లెక్క వేరు. నీళ్లు తాగిన మట్టి ఘన మీటరుకు 1.9 టన్నుల దాకా తూగుతుంది, అడుగున్నర మందానికి చదరపు మీటరుకు 850 కిలోల పైనే. స్ట్రక్చరల్ ఇంజనీరు రాసిచ్చిన బరువు హద్దు చేతిలో లేకుండా అక్కడ ఒక్క బుట్ట కూడా పోయించొద్దు. ఇటుక ముక్కలు, కడిగిన కోకోపీట్ (కొబ్బరి పొట్టు) పాళ్లు పెంచి తేలిక చేయొచ్చు, కానీ ఆ మిశ్రమం మీ రిపోర్టులు చూశాకే చెప్పగలను. రిపోర్టులు, స్లాబు డ్రాయింగు, మొక్కలకు వాడేది బోరు నీళ్లా ఎస్‌టీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంటు) నీళ్లా అన్నది ఇక్కడే పెట్టండి. ఎస్‌టీపీ నీళ్లయితే వాటి ఈసీ, సోడియం కూడా చూడాలి, ఎందుకంటే ఉప్పు నీళ్లు పోస్తే ఈ శ్రమంతా రెండేళ్లలో చౌడు కింద తేలుతుంది.